నెల్లూరు తీరాన 2004: తొమ్మిదేళ్ల పాలనకు ఎదురైన పోటీ

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎడతెగకుండా ఎక్కువకాలం ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్న నేత నారా చంద్రబాబునాయుడు. 1995 సెప్టెంబరు 1న ప్రమాణం చేసిన ఆయన 2004 మే దాకా, ఎనిమిదేళ్ల ఎనిమిది నెలలకు పైగా, ఆ పదవిలో ఉన్నారు. అంతకుముందు ఈ వరసలో ముందున్న కాసు బ్రహ్మానందరెడ్డి 1964 నుంచి 1971 వరకు ఏడున్నరేళ్లు పాలించారు. మధ్యలో వచ్చినవారిలో పలువురిని ఏడాది రెండేళ్లకే ఢిల్లీ మార్చేసింది. అలాంటి రాష్ట్రంలో తొమ్మిదేళ్లకు దగ్గరపడిన ముఖ్యమంత్రిని ఓడించడం ఎలా అన్న ప్రశ్న కాంగ్రెస్‌ను 1999 ఓటమి తర్వాత ఐదేళ్లు వెంటాడింది. దానికి జవాబు 2004 ఏప్రిల్‌లో దొరికింది. ఆ జవాబులో నెల్లూరు తీరం పాలు ఎంత అన్నది ఇక్కడ విషయం.

దీర్ఘకాలం ఏలిన నేతను అమెరికాలో అయితే నేరుగా ఓడించవచ్చు. అక్కడ రాష్ట్రాన్ని ఏలేది గవర్నరు. ప్రజలు ఆయన్ను పేరుపెట్టి నేరుగా ఎన్నుకుంటారు. న్యూయార్క్‌లో పన్నెండేళ్లు గవర్నరుగా ఉన్న మారియో కూమో 1994లో జార్జ్ పటాకి చేతిలో ఓడిపోయింది అలాంటి ముఖాముఖి పోటీలోనే. మన రాజ్యాంగంలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు, పాలించేది శాసనసభలో మెజారిటీ ఉన్న ముఖ్యమంత్రి. కాబట్టి లెక్క ప్రకారం 2004లో చంద్రబాబు కుప్పంలో, కాంగ్రెస్ నేత వై.ఎస్. రాజశేఖరరెడ్డి పులివెందులలో ఒక్కో శాసనసభ్యుడి స్థానానికే పోటీపడ్డారు. జనం మాత్రం అలా చూడలేదు. కావలిలోనైనా, సూళ్లూరుపేటలోనైనా గోడల మీద స్థానిక అభ్యర్థి బొమ్మ పక్కన ఈ ఇద్దరిలో ఒకరి బొమ్మ ఉండేది. రచ్చబండ దగ్గర చర్చ కూడా ‘బాబా, వైఎస్సా’ అనే నడిచింది. అభ్యర్థి ఎవరో సరిగా తెలియకపోయినా ముఖ్యమంత్రి ఎవరు కావాలో చెప్పగలిగిన ఎన్నిక అది. 1983లో ఎన్టీఆర్ వచ్చినప్పటి నుంచి ఆంధ్రలో ఈ అలవాటు పాతుకుపోయింది.

ఆ ఇద్దరి దారులూ ఒకచోటే మొదలయ్యాయి. ఇద్దరూ రాయలసీమవారే. ఇద్దరూ 1978లో తొలిసారి శాసనసభలో అడుగుపెట్టారు, టంగుటూరి అంజయ్య మంత్రివర్గంలో ఇద్దరూ మంత్రులుగా పనిచేశారు. 1983 తర్వాత చంద్రబాబు మామ ఎన్టీఆర్ స్థాపించిన తెలుగుదేశంలోకి వెళ్లారు. రాజశేఖరరెడ్డి కాంగ్రెస్‌లోనే ఉండి రెండుసార్లు రాష్ట్ర అధ్యక్షుడయ్యారు, కడప నుంచి వరసగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1999లో ఆయన నాయకత్వంలో కాంగ్రెస్ గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. కార్గిల్ యుద్ధం తర్వాత వచ్చిన ఆ ఎన్నికల్లో బీజేపీ పొత్తుతో తెలుగుదేశం 180 స్థానాలు తెచ్చుకుంది, కాంగ్రెస్ 91 దగ్గర ఆగింది. రాజశేఖరరెడ్డి ప్రతిపక్ష నాయకుడయ్యారు. నెల్లూరు లోక్‌సభ స్థానంలో ఆ ఏడు తెలుగుదేశం తరఫున ఉక్కాల రాజేశ్వరమ్మ గెలిచారు.

నెల్లూరు తీరం బతుకు పెన్నా నీటితో ముడిపడి ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు నెల్లూరు దగ్గర, సంగం దగ్గర కట్టిన ఆనకట్టల కింద కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు డెల్టా పారుతుంది. ఎగువన సోమశిల జలాశయం నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నైరుతి వానలతో సార్వా మొదలైతే, ఇక్కడ అసలు పంట ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు తర్వాత మొదలవుతుంది. వేసవిలో నీళ్లుంటే రెండో పంట వేస్తారు, దాన్నే ఎడగారు అంటారు. ఎడగారుకు ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో నీటిపారుదల సలహా మండలి సమావేశంలో తేలుతుంది. ఆ ఒక్క సమావేశం మీద కొన్ని వేల ఇళ్ల ఏడాది ఆదాయం ఆధారపడుతుంది. వడ్ల ధరను క్వింటాలు లెక్కన కాక పుట్టి లెక్కన, అంటే 850 కిలోల లెక్కన మాట్లాడుకునే రైతుకు ప్రభుత్వం మంచిదో చెడ్డదో చెప్పడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. కాలవలో నీళ్లు, మోటారుకు కరెంటు, పుట్టికి ధర ఉంటే చాలు.

కాలవ చివరి భూములకు, ఇసుక నేలలకు నీళ్లు మోటార్లతోనే. తీరం పొడవునా ఇసుకలో తక్కువ లోతున మంచినీరు దొరుకుతుంది. పాతకాలంలో దొరువులు తవ్వి కడవలతో వేరుశనగకు, కూరగాయలకు, నారుమళ్లకు నీళ్లు పోసేవారు. తర్వాత ఫిల్టర్ పాయింట్లు దించి మోటార్లు పెట్టారు. ఎడగారు పంటకు కాలవ నీళ్లు చాలనప్పుడు ఆ మోటార్లే దిక్కు. ఈ సంగతి గుర్తు పెట్టుకోకపోతే 2004 ఎన్నికల్లో కరెంటు అంత పెద్ద మాట ఎందుకయిందో అర్థం కాదు. మెట్ట ప్రాంతమైన ఉదయగిరి, ఆత్మకూరుల్లో బోర్లదీ అదే కథ, కాకపోతే అక్కడ నీళ్లు మరింత లోతున ఉంటాయి.

వరి పక్కనే రొయ్య వచ్చింది. 1980ల చివర, 90ల మొదట్లో ఉప్పుటేళ్ల పక్కన, బకింగ్‌హామ్ కాలువ అంచుల్లో టైగర్ రొయ్యల గుంతలు తవ్వారు. రెండు మూడేళ్లు లాభాలు విరగకాశాయి. 1994లో వైరస్ తెగులు వచ్చి గుంతలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పులు మిగిలాయి. దానికి తోడు 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల గుంతలను తొలగించాలని తీర్పు ఇచ్చింది. 1997లో కేంద్రం ఆక్వాకల్చర్ అథారిటీని ఏర్పాటుచేసి వ్యవహారాన్ని నడిపించింది. ఇవేవీ చంద్రబాబు చేసినవి కావు. తెగులుకు పార్టీ లేదు, కోర్టు తీర్పుకు ముఖ్యమంత్రి బాధ్యుడు కాడు. అయినా ఒక తీరంలో పదేళ్లపాటు ఇళ్లు తాకట్టులో ఉంటే, ఆ పదేళ్లలో అధికారంలో ఉన్నవాడి మీదకే కోపం మళ్లుతుంది.

ఈ జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం కొనసాగింపు కూడా ఇందులో ఉంది. అప్పట్లో ఈ జిల్లాలో ఉన్న వాకాడుకు చెందిన నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే, ఈ జిల్లా ఆడవాళ్లే సారా వేలంపాటలు ఆపించారు. 1994లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానంతో గెలిచి 1995 జనవరి నుంచి అమలుచేశారు. చంద్రబాబు ప్రభుత్వం 1997లో దాన్ని ఎత్తేసింది. ఖజానాకు డబ్బు లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అది అబద్ధం కూడా కాదు. కానీ ఉద్యమం పుట్టిన జిల్లాలో దాన్ని వాగ్దానభంగంగానే చూశారు.

1996, 97ల్లో అదే ఖజానా కారణంతో మరికొన్ని నిర్ణయాలు వచ్చాయి. రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర రూపాయలైంది. నీటి తీరువా దాదాపు మూడింతలైంది. దానికి బదులుగా నీటి సంఘాలు ఏర్పడి, కాలవల నిర్వహణ కొంత రైతుల చేతికి వచ్చింది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో విద్యుత్ బోర్డు విభజన, 2000 వేసవిలో చార్జీల పెంపు వరసగా జరిగాయి. 1983లో ఎన్టీఆర్ వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు పెట్టినప్పటి నుంచి కరెంటు బిల్లు రైతుకు పెద్ద లెక్కగా ఉండేది కాదు. ఇప్పుడది లెక్కలోకి వచ్చింది. బకాయి పడితే ఫ్యూజులు పీకేవారు, స్టార్టర్లు పట్టుకుపోయేవారు. చార్జీల పెంపునకు వ్యతిరేకంగా వామపక్షాలు, కాంగ్రెస్ కలిసి ఉద్యమం నడిపాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004 పొత్తుకు విత్తనం ఆ రోజునే పడిందని చెప్పవచ్చు. అంతకుముందు కొన్ని ఎన్నికల్లో తెలుగుదేశంతో నడిచిన సీపీఐ, సీపీఎంలు 2004లో అటు చూడలేదు.

చంద్రబాబు పాలన ఇంతేనని చెబితే అన్యాయం. 1997 నుంచి జన్మభూమి సభలు పల్లెపల్లెకూ వచ్చాయి. అధికారులు ఊళ్లోకి వచ్చి జనం మధ్య నిలబడి జవాబు చెప్పడం అంతకుముందు లేని అలవాటు. డ్వాక్రా సంఘాలు విస్తరించాయి. దీపం పథకంలో ఆడవాళ్ల పేరుమీద గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. రైతుబజార్లు తెరుచుకున్నాయి. 1996లో తెలుగుగంగ నీళ్లు సోమశిల, కండలేరు మీదుగా తొలిసారి చెన్నై దాకా వెళ్లాయి. కృష్ణపట్నం రేవును ప్రైవేటు పెట్టుబడితో కట్టాలన్న ఆలోచన కూడా ఆ ప్రభుత్వానిదే. అది రేవుగా మారడానికి మాత్రం 2008 దాకా పట్టింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చి ముఖ్యమంత్రిని మెచ్చుకున్నప్పుడు నెల్లూరులో కూడా గర్వపడినవాళ్లున్నారు. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లకు హైటెక్ సిటీ నిజమైన ఆశ. ఆ ఆశకు పల్లె ఇంట్లో కనిపించే రూపం ఇంకా రాకముందే కరెంటు బిల్లు వచ్చింది. రాజకీయంగా అక్కడే దెబ్బతిన్నారు.

ఆపైన కరువు. 2002లో నైరుతి రుతుపవనాలు దేశమంతటా మొహం చాటేశాయి. పెన్నా ఎగువన అనంతపురం, కడప జిల్లాల్లో వాన లేకపోతే సోమశిలకు నీరు రాదు. సోమశిలకు నీరు రాకపోతే డెల్టాలో ఎడగారు మాట ఎత్తేవారుండరు. రాష్ట్రంలో రైతుల ఆత్మహత్యలు పత్రికల మొదటి పేజీకెక్కాయి. కరువు ఏ ప్రభుత్వం తెచ్చేదీ కాదు. కానీ సమీక్షలు, వీడియో కాన్ఫరెన్సులు, కంప్యూటర్ తెరల మీద అంకెలు ఇవే పాలన అని కొన్నేళ్లుగా చెప్పుకొచ్చిన ప్రభుత్వానికి, ఎండిన కాలవ దగ్గర నిలబడి చెప్పే మాట కరువైంది.

2003 ఏప్రిల్ 9న రాజశేఖరరెడ్డి చేవెళ్లలో పాదయాత్ర మొదలుపెట్టారు. నడి ఎండాకాలం. తెలంగాణ, గోదావరి జిల్లాలు, ఉత్తరాంధ్ర మీదుగా 1,400 కిలోమీటర్లకు పైగా నడిచి జూన్‌లో ఇచ్ఛాపురం చేరారు. ఆ దారి నెల్లూరు జిల్లాను తాకలేదు. కానీ దారిలో ఇచ్చిన మాట జిల్లాకు చేరింది. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు, పాత బకాయిల రద్దు. ఇది కుదిరే పని కాదని ముఖ్యమంత్రి చెప్పారు. ఆర్థిక శాస్త్రం తెలిసినవాళ్లలో చాలామంది అదే అన్నారు. సంస్కరణల లెక్కలో ఆ వాదన బలమైనదే. అయితే ఓటు వేసేవాడికి వినిపించింది ఒకరు ఇస్తామన్నారు, ఒకరు కుదరదన్నారు అన్న తేడా ఒక్కటే. రొయ్యల గుంతలకు ఆ వాగ్దానం వర్తించదని తెలిసి కూడా, ఊళ్లో వరి పొలమూ ఉన్న రొయ్యల రైతు దాన్ని కాదనలేదు.

2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర నక్సలైట్లు ముఖ్యమంత్రి కారు మీద మందుపాతర పేల్చారు. చంద్రబాబు గాయాలతో బయటపడ్డారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తున్న మనిషి మీద జరిగిన దాడి అది. సానుభూతి నిజంగానే వచ్చింది. నవంబరు 14న శాసనసభ రద్దుకు సిఫారసు చేశారు, గవర్నరు సుర్జీత్‌సింగ్ బర్నాలా ఆమోదించారు. లెక్క ప్రకారం త్వరగా ఎన్నికలు వస్తే సానుభూతి ఓటుగా మారాలి. ఎన్నికల సంఘం తొందరపడలేదు. ఫిబ్రవరిలో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభను కూడా రద్దు చేసింది, రెండు ఎన్నికలూ ఏప్రిల్ 20, 26 తేదీల్లో కలిసే జరిగాయి. మధ్యలో దాదాపు ఐదు నెలలు గడిచాయి. ఆ ఐదు నెలలూ ఆపద్ధర్మ ప్రభుత్వమే. కొత్త పథకం ప్రకటించే వీలు లేదు, పాత కోపాలు చల్లార్చే దారీ లేదు. అలిపిరి సానుభూతి కరిగిపోయి, వేసవి కరెంటు కోతలు మిగిలాయి. దీర్ఘకాలం కుర్చీలో ఉన్నవారికి ఎన్నికల సమయం ఎంచుకునే అవకాశం పెద్ద బలమంటారు. 2004లో ఆ బలాన్ని వాడబోయి చంద్రబాబు దాన్ని పోగొట్టుకున్నారు.

కాంగ్రెస్ ఈలోగా పొత్తులు కుదుర్చుకుంది. తెలంగాణలో టీఆర్ఎస్, రాష్ట్రమంతటా రెండు కమ్యూనిస్టు పార్టీలు. 1999లో 293 స్థానాల్లో పోటీచేసిన కాంగ్రెస్ ఈసారి 234తో సరిపెట్టుకుంది. నెల్లూరు తీరానికి టీఆర్ఎస్ సంగతి పట్టదు. కమ్యూనిస్టుల సంగతి పడుతుంది. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు ఈ జిల్లాలోనిదే. తెలుగుదేశం పొత్తులో అల్లూరు నుంచి సీపీఎం నేత జక్కా వెంకయ్య శాసనసభకు వెళ్లిన రోజులున్నాయి. డెల్టా కూలీల్లో, కౌలురైతుల్లో ఉన్న ఆ ఓటు పెద్దది కాదు. కానీ ఒకవైపు నుంచి రెండోవైపుకు మారితే తేడా రెట్టింపవుతుంది.

అటువైపు తెలుగుదేశం, బీజేపీ కలిసి నిలబడ్డాయి. బీజేపీ జాతీయ అధ్యక్షుడు అప్పుడు ముప్పవరపు వెంకయ్యనాయుడు. వెంకటాచలం మండలం చవటపాలెంవారు, 1978లోనూ, ఎన్టీఆర్ ప్రభంజనం మధ్యన 1983లోనూ ఉదయగిరి నుంచి గెలిచినవారు. జిల్లా బిడ్డ దేశంలో అధికార పార్టీకి అధ్యక్షుడై ఉండగా, జిల్లాలో ఆ కూటమి ఓడిపోవడం ఈ ఎన్నికలోని ఒక విచిత్రం. 2002 గుజరాత్ అల్లర్ల తర్వాత ముస్లిం ఓటర్లలో తెలుగుదేశానికి కలిగిన నష్టాన్ని ఆ పొత్తు ఇంకా పెంచింది. బారాషహీద్ దర్గా ఉన్న నెల్లూరు పట్టణంలో ఆ ఓటు తీసిపారేసేది కాదు.

నెల్లూరు రాజకీయాల్లో పార్టీ ఎంతో, ఇల్లు అంత. ఆనం, నల్లపరెడ్డి, నేదురుమల్లి, మేకపాటి, మాగుంట ఇళ్ల పేర్లు చెబితే జిల్లా రాజకీయ చరిత్రలో సగం చెప్పినట్టే. 1980ల్లో తెలుగుదేశంలో ఉన్న ఆనం రామనారాయణరెడ్డి అప్పటికి చాలా ఏళ్లుగా కాంగ్రెస్‌లో ఉన్నారు, రాపూరులో మళ్లీ గెలిచారు. వెంకటగిరిలో నేదురుమల్లి రాజ్యలక్ష్మి గెలిచారు. ఆమె భర్త జనార్దనరెడ్డి ఆ ఏడు విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఉదయగిరిలో మేకపాటి చంద్రశేఖరరెడ్డి గెలిచారు. అందరి కన్నూ ఉన్నది సర్వేపల్లి మీద. అక్కడ 1994, 1999ల్లో గెలిచి మంత్రిగా పనిచేసిన సోమిరెడ్డి చంద్రమోహన్‌రెడ్డి మీద, 1999లో తెలుగుదేశం టికెట్టు మీదే అల్లూరు నుంచి గెలిచిన ఆదాల ప్రభాకరరెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి ఓడించారు. ముత్తుకూరు, కృష్ణపట్నం, వెంకటాచలం ఉన్న ఆ నియోజకవర్గంలో నీళ్ల గొడవ, రొయ్యల గొడవ, రేవు కోసం భూముల గొడవ మూడూ ఉన్నాయి.

మే 11న శాసనసభ ఓట్లు లెక్కపెట్టారు. అన్ని బూత్‌లలోనూ ఓటింగ్ యంత్రాలు వాడిన తొలి సార్వత్రిక ఎన్నిక కావడంతో మధ్యాహ్నానికే విషయం తేలిపోయింది. కాంగ్రెస్‌కు 185, తెలుగుదేశానికి 47, టీఆర్ఎస్‌కు 26, సీపీఎంకు 9, సీపీఐకి 6, మజ్లిస్‌కు 4, బీజేపీకి 2 స్థానాలు వచ్చాయి. రెండు రోజుల తర్వాత లోక్‌సభ లెక్కింపులో తెలుగుదేశం 29 నుంచి 5కు పడిపోయింది. నెల్లూరులో పనబాక లక్ష్మి, జిల్లా దక్షిణ భాగం కలిసిన తిరుపతిలో చింతా మోహన్, ఇద్దరూ కాంగ్రెస్ వారే, గెలిచారు. జిల్లాలోని 11 శాసనసభ స్థానాల్లో అత్యధికం ఆ పార్టీకే దక్కాయి.

ఈ ఫలితాన్ని ఆనాడు పత్రికలు సునామీ, ప్రభంజనం అని రాశాయి. ఓట్ల శాతాలు చూస్తే బొమ్మ వేరుగా ఉంటుంది. కాంగ్రెస్‌కు 1999లో 40.61 శాతం వస్తే 2004లో 38.56 శాతమే వచ్చింది. ఓట్లు తగ్గి సీట్లు రెట్టింపయ్యాయి. తెలుగుదేశం 43.87 నుంచి 37.59కి దిగింది. రెండు పార్టీల మధ్య తేడా ఒక్క శాతమైనా లేదు. అసలు తేడా కూటముల దగ్గర ఉంది. టీఆర్ఎస్, వామపక్షాలను కలిపితే కాంగ్రెస్ వైపు 48 శాతానికి పైగా, తెలుగుదేశం, బీజేపీల వైపు 40 శాతానికి కాస్త పైన. కాబట్టి రాష్ట్రం మొత్తం మీద ఈ ఎన్నికను గెలిపించింది పాదయాత్ర ఎంతో, పొత్తుల లెక్క అంత అన్నది న్యాయమైన మాట.

అయితే ఆ వివరణ నెల్లూరు తీరానికి సగమే సరిపోతుంది. ఇక్కడ టీఆర్ఎస్ లేదు, వామపక్షాల ఓటు కొద్దిగానే ఉంది, పాదయాత్ర ఇటు రాలేదు. అయినా తెలుగుదేశం మంత్రి తన సొంత స్థానంలో ఓడిపోయారు. కూటమి లెక్కలు తీసేశాక మిగిలేది కాలవలు, మోటార్లు, నిషేధం ఎత్తివేత, రొయ్యల అప్పులు. తెలంగాణ వాదం, పొత్తుల బలం అంతగా లేని చోట కూడా ప్రభుత్వం ఎందుకు ఓడిందో తెలుసుకోవాలంటే చూడవలసింది ఈ తీరం వైపే. చంద్రబాబు కంప్యూటర్ల వల్ల ఓడారన్న ప్రచారం తేలికైనది. కంప్యూటర్ మీద ఎవరికీ కోపం లేదు. బిల్లు కట్టలేదని స్టార్టరు పట్టుకుపోయిన రోజున ఆ రైతు తన గోడు చెప్పుకోవడానికి ప్రభుత్వంలో ఎవరూ దొరకలేదు, కోపమంతా దాని మీదే.

2004 మే 14న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, ఉచిత విద్యుత్తు దస్త్రం మీద తొలి సంతకం పెట్టారు. నేదురుమల్లి రాజ్యలక్ష్మి మంత్రి అయ్యారు, పనబాక లక్ష్మి కేంద్రంలో సహాయ మంత్రి అయ్యారు. కృష్ణపట్నం రేవును 2008 జూలైలో ప్రారంభించారు. ఆయన సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమమైన జలయజ్ఞంలో పెన్నా మీద సంగం, నెల్లూరు పాత ఆనకట్టల స్థానంలో కొత్త బ్యారేజీలు తలపెట్టారు. వాటి పనులు ముఖ్యమంత్రులు మారుతున్నా నడుస్తూ, ఆగుతూ 2022 సెప్టెంబరు నాటికి గానీ పూర్తికాలేదు. 2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల పునర్విభజన జరిగి అల్లూరు, రాపూరు స్థానాలు లేకుండా పోయాయి, నెల్లూరు రూరల్ కొత్తగా వచ్చింది, జిల్లా స్థానాలు పదికి తగ్గాయి. నెల్లూరు లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వేషన్ నుంచి జనరల్‌కు మారడంతో పనబాక లక్ష్మి బాపట్లకు వెళ్లి పోటీచేశారు. సర్వేపల్లిలో ఆదాల, సోమిరెడ్డి మళ్లీ ఎదురుపడ్డారు, మళ్లీ ఆదాలే గెలిచారు. చంద్రబాబు తిరిగి ముఖ్యమంత్రి పీఠం ఎక్కడానికి 2014 జూన్ దాకా ఆగవలసి వచ్చింది.